ముందు నీళ్లు, తర్వాత ఎండ, ఆపైనే సోకులు: ఇల్లూ వాకిలీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండే సంగతుల మీద. ఎండాకాలం ఇల్లు మాడిపోతోంది, తక్కువలో ఏదైనా దారి చెప్పండి. ఇల్లు అమ్మాలనుకుంటున్నాం, దేనిమీద డబ్బు పెడితే తిరిగొస్తుంది? ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిచ్చాం. రేట్లు ఊరూరికీ మారతాయి కాబట్టి కొలతలే ఎక్కువ ఇచ్చాం. ఆ కొలత పట్టుకెళ్లి మీ ఊళ్లో ధర అడగండి, బేరం మీ చేతిలో ఉంటుంది.

మాది ఒక అంతస్తు డాబా ఇల్లు, శ్లాబు వెయ్యి చదరపు అడుగులు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి పదకొండు దాటినా పైకప్పు సెగ కొడుతూనే ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ చేయించమని ఒకరు, డాబా మీద తెల్ల రంగు వేయించమని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది? – ఒక పాఠకురాలు, ఖమ్మం

తెల్ల రంగే, సందేహం లేదు. పగలంతా తాగిన ఎండను శ్లాబు రాత్రి పూట గదిలోకి కక్కుతుంది. ఫాల్స్ సీలింగ్ అడ్డుపడేది ఆ సెగ లోపలికి వచ్చాక. తెలుపు అసలు ఎండనే పైనుంచి తిప్పికొడుతుంది. పైగా రేపు శ్లాబు కారితే సీలింగ్ వెనక ఏం జరుగుతోందో కనబడదు. బోర్డు మీద మరక తేలేసరికి లోపల చువ్వకు తుప్పు మొదలై ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఈ తెల్లకప్పు మాటే. 600 గజాల లోపు స్థలంలో కట్టుకున్న ఇళ్లకు అది తప్పనిసరి కాదు, మన ఇష్టం.

చవకైన దారి సున్నం. వెయ్యి చదరపు అడుగులకు రెండు కోట్లు, అంటే రెండు పూతలు, వేయడానికి 20–25 కిలోల పొడి సున్నం పడుతుంది. ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టి, పొద్దున పాత పంచె గుడ్డలో వడగట్టి, కిలో, కిలోన్నర ఫెవికాల్ లాంటి జిగురు కలపండి. జిగురు లేకుండా వేస్తే చేత్తో రుద్దితే చాలు, తెల్లపొడి రాలుతుంది, తొలకరికే పోతుంది. కలిపినా ఒక వానాకాలం ఆగితే గొప్పే, ఏటా ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేసుకోవాలి. సామాను ఖర్చు వెయ్యి, పదిహేను వందల్లో తేలిపోతుంది కాబట్టి బాధ లేదు. సున్నం కంట్లో పడితే ప్రమాదం. కళ్లజోడు, చేతి తొడుగులు లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

రెండో దారి డాబాల కోసమే అమ్మే, రబ్బరులా సాగే తెల్లటి ఎలాస్టోమెరిక్ రంగు. రెండు కోట్లకు లీటరుకు 20–25 చదరపు అడుగులు వస్తుంది, అంటే మీకు 40–50 లీటర్లు. ఇది నాలుగైదేళ్లు ఉంటుంది, సన్నటి పగుళ్లనూ మూస్తుంది. గోడలకు వేసే మామూలు తెల్ల ఎమల్షన్‌ను డాబా మీద వేస్తామని పెయింటరు అంటే ఒప్పుకోకండి. అది ఎండకూ నిలిచిన నీళ్లకూ ఒక్క ఏడాదిలో పొరలుగా లేస్తుంది.

ఏది వేసినా ఫలితం తేలేది కడగడం దగ్గరే. నాచు, మట్టి, పాత సున్నం పొర తీగ బ్రష్షుతో గీకి, కడిగి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తడి శ్లాబు మీద రంగు వేస్తే కింది చెమ్మ ఆవిరై పైకి నెట్టి బుడగలు లేస్తాయి. మొదటి కోటులో నీళ్లు కలిపి పలచగా వేయాలి. రెండోది చిక్కగా, మొదటి దానికి అడ్డంగా తోలాలి. పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే పని చేయించండి. కాలే శ్లాబు మీద రంగు పట్టుకోకముందే ఆరిపోతుంది. సరిగ్గా చేస్తే గదిలో రెండు నుంచి నాలుగైదు డిగ్రీల తేడా తెలుస్తుంది. దుమ్ము పేరుకుంటే ఆ లాభం తగ్గుతుంది, వేసవిలో నెలకోసారి చీపురు తోలించండి.

పడమటి కిటికీ ఉందా? లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉంటుంది. అడ్డు బయట ఉండాలి. వెదురు చిక్కో, 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్టో సన్‌షేడ్ నుంచి వేలాడదీయండి. గోడకూ దానికీ మధ్య జానెడు ఖాళీ వదిలితే వేడిగాలి పైకి పోతుంది.

మా డాబా 18 ఏళ్ల నాటిది. వానాకాలం హాల్లో ఒక మూల కారుతోంది, సీలింగు పెచ్చులు ఊడుతున్నాయి. పైన మళ్లీ రెండు అంగుళాల కాంక్రీటు పోస్తే శాశ్వతంగా ఆగుతుందని మేస్త్రీ అంటున్నారు. పోయించమంటారా? – ఒక పాఠకుడు, విజయవాడ

వద్దు. వెయ్యి చదరపు అడుగుల మీద రెండు అంగుళాల కాంక్రీటు అంటే సుమారు 11 టన్నుల బరువు. 18 ఏళ్ల కింద ఆ శ్లాబును ఈ బరువు లెక్కలో పెట్టుకుని కట్టలేదు. కొత్త పొర పాత శ్లాబును అతుక్కోదు కూడా. రెంటి మధ్య సందులో నీళ్లు చేరితే ఎక్కడ పడుతున్నాయో, ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టడం ఇక ఎవరి తరమూ కాదు.

ముందు కారణం వెతకండి. డాబా మీద బకెట్లతో నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో సుద్దముక్కతో గీత గీయండి. శ్లాబు నడిమి నుంచి కారేవి తక్కువే. ఎక్కువగా దొరికే చోట్లు మూడు: పిట్టగోడ శ్లాబును కలిసే మూల, వాన నీటి పైపు చుట్టూ, ట్యాంకు దిమ్మె కింద. పైన నీళ్లు దిగే చోటూ కింద మరక పడే చోటూ ఒకటి కాకపోవచ్చు. లోపల చువ్వ వెంట నాలుగడుగులు పాకి కూడా బయటపడతాయి.

పని వరస ఇలా ఉంటుంది. పగుళ్లను గ్రైండరుతో పావు అంగుళం నుంచి అర అంగుళం లోతున ఇంగ్లిష్ వీ ఆకారంలో కోసి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. పగులు మీద పైపైన పూసేస్తే మొదటి ఎండకే మళ్లీ నోరు తెరుస్తుంది. పిట్టగోడ మూల పొడవునా మూడు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల వెడల్పుతో మాలును గుండ్రటి వాలుగా కట్టించాలి. నీళ్లు నిలిచే పల్లాల్లో ప్రతి ఎనిమిది అడుగులకు అంగుళం చొప్పున పైపు వైపు వాటం రావాలి. ఆ పైన వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు, నడుమ ఫైబర్ జాలీ. పూతను పిట్టగోడ మీదకు అడుగు ఎత్తు దాకా ఎక్కించమని గట్టిగా చెప్పండి. సగం మంది శ్లాబు అంచు దగ్గరే ఆపేస్తారు, మరుసటేడు అక్కడే కారుతుంది. పూత ఎండాక పైపు మూతి గుడ్డతో బిగించి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూడండి. ఆ పరీక్ష అయ్యాకే ఆఖరి డబ్బు.

వెయ్యి అడుగుల డాబాకు నాలుగు అంగుళాల పైపులు రెండు ఉండాలి. నీళ్లు పోవడానికి లెక్క ప్రకారం ఒకటే సరిపోవచ్చు. కానీ రాలిన ఆకు ఆ ఒక్కటినీ మూసేస్తే డాబా చెరువవుతుంది.

పెచ్చుల సంగతి వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చువ్వ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతోంది. దాని మీద లప్పం పెట్టి రంగు వేస్తే మళ్లీ ఊడుతుంది, ఈసారి ముక్క ఇంకా పెద్దది. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, చువ్వ చుట్టూ శుభ్రమైన ఇనుము కనబడేదాకా తీగ బ్రష్షుతో గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మాలుతో పొరలు పొరలుగా కట్టాలి. చువ్వ లావు పావు వంతు తిన్నట్టు కనిపించినా, పెచ్చులు ఒకటి రెండు చోట్లు దాటి పరచుకున్నా, మేస్త్రీతో తేల్చుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఆయన ఫీజు ఈ మొత్తంలో చిన్న ఖర్చు. ఇంకో మాట: ముందు పైన పని, తర్వాతే కింద. తిరగేసి చేస్తే కింది పని దండగ.

గోడల అడుగు భాగం రెండు మూడు అడుగుల ఎత్తు దాకా చెమ్మెక్కి తెల్లటి ఉప్పు లేస్తోంది. ఏటా లప్పం, రంగు వేయిస్తున్నా ఆర్నెల్లకే పొలుసులు రాలుతున్నాయి. టైల్స్ అతికించేస్తే పోతుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

టైల్స్ వేస్తే చెమ్మ పోదు, ఎత్తు పెరుగుతుంది. మూడడుగుల దగ్గర ఆరాల్సిన తడికి దారి మూసుకుపోయి అయిదడుగులకు ఎక్కుతుంది.

చెమ్మ గోడలోంచి వస్తోందా, గదిలోంచా అని మొదట తేల్చుకోవాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని మరక మీద నాలుగు వైపులా టేపుతో మూసి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక తడి పడితే గోడది, ముందు పడితే గది గాలిది. మరక అన్ని గోడలకూ సమానంగా రెండు మూడు అడుగుల్లో ఆగితే భూమి నుంచి ఎక్కుతున్నట్టు. ఒక్క గోడకే, అదీ అవతల బాత్‌రూమ్ ఉన్న చోటే అయితే పైపు కారుతోంది. అప్పుడు ప్లంబరు పని, మేస్త్రీది కాదు.

భూమి చెమ్మే అయితే బయటికెళ్లి చూడండి. వీధి ఎత్తు చేసినప్పుడల్లా వాకిట్లో మట్టి పోసి నేలను బేస్‌మెంట్ దాటించి ఉంటారు. లేదా గోడనానుకుని పూలమొక్కల మడి ఉంటుంది, రోజూ నీళ్లు పోస్తున్నారు. ఆ మట్టి తవ్వి ఇంట్లో గచ్చు కంటే కనీసం ఆరు అంగుళాలు దించండి. మడిని గోడకు రెండడుగులు జరపండి. ఇంటి చుట్టూ రెండున్నర అడుగుల వెడల్పు గచ్చు, బయటికి వాటంతో వేయించండి. సగం ఇళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు.

లోపల పని: మరక గీతకు అడుగు పైదాకా ప్లాస్టింగ్ ఇటుక కనబడేలా కొట్టించి, మూడు వారాలు ఫ్యాను పెట్టి ఆరనివ్వాలి. తొందరపడేది ఇక్కడే. ఇటుక మీది ఉప్పును పొడిగానే బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపి ప్లాస్టింగ్ చేయించండి. ఆ మూడడుగుల్లో లప్పం వద్దు, నిగనిగలాడే ఆయిల్ పెయింటు అసలే వద్దు. తడిని బయటికి వదిలే సున్నమో, సిమెంటు పెయింటో వేయండి. అందం కాస్త తగ్గుతుంది, కానీ నిలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఎక్కుతుంటే గోడ అడుగున 10–12 సెంటీమీటర్లకొక తూటు చొప్పున పొడిచి, చెమ్మను పైకి ఎక్కనివ్వని సిలేన్ క్రీము నింపే పద్ధతి ఉంది. అది ఖర్చుతో కూడుకున్నది కాబట్టి వరసలో ఆఖరిది.

సొంతిల్లు, 200 గజాల స్థలం, 20 ఏళ్ల నాటి కట్టడం. వచ్చే ఏడాది అమ్మాలనుకుంటున్నాం. నాలుగు లక్షలు పెట్టి మాడ్యులర్ కిచెన్, హాల్లో లైట్ల సీలింగ్ చేయిస్తే ధర పెరుగుతుందని బంధువులు అంటున్నారు. మీ సలహా? – ఒక జంట, హైదరాబాద్

ఆ నాలుగు లక్షలు జేబులోనే ఉంచుకోండి. మన ఊళ్లలో ఇండిపెండెంట్ ఇల్లు కొనేవాళ్లు ముందు లెక్కగట్టేది స్థలం గజం ధర. 20 ఏళ్ల కట్టడానికి తరుగు తీసేశాకే విలువ. కిచెన్ రంగు మీకు నచ్చింది కొనేవాళ్లకు నచ్చదు, వాళ్లు ఎలాగూ పీకేసి తమ ఇష్టప్రకారం చేయించుకుంటారు. నచ్చినా నాలుగు లక్షలకు నాలుగు లక్షలు ఎవరూ ఇవ్వరు.

ధరను తగ్గించే సంగతులు వేరే ఉన్నాయి, డబ్బు వాటి మీద పెట్టాలి. కొనేవాడు ఇల్లు చూడ్డానికొస్తే తల పైకెత్తి సీలింగు చూస్తాడు, తర్వాత బాత్‌రూమ్ వెనక గోడ చూస్తాడు. ఒక్క మరక కనిపిస్తే చాలు, లక్ష తగ్గించమనే బేరం మొదలుపెడతాడు. కాబట్టి పైన చెప్పిన కారడం, చెమ్మ పనులు ముందు. మరక మీద రంగు వేసి అమ్మేద్దామనుకోకండి. కొత్త రంగు ఒక్కచోటే తెల్లగా మెరవడం దాన్ని ఇంకా పట్టిస్తుంది. బాగుచేయించి, వాటర్‌ప్రూఫింగ్ బిల్లు, గ్యారంటీ కాగితం ఫైల్లో పెట్టి చూపించండి.

రెండోది కరెంటు. పాత ఫ్యూజు కట్ల బోర్డు ఉంటే ఎంసీబీల (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చుల) బోర్డుకు మార్చి, వాటికి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పెట్టించండి. షాకు కొడితే ప్రాణం కాపాడేది అదే, ఎంసీబీ కాదు. ఆర్‌సీసీబీ పెట్టగానే ఊరికే పడిపోతోందని చాలామంది తీయించేస్తారు. పరికరం చెడ్డది కాదు. ఎక్కడో గీజరో, బయటి లైటో లీకవుతోంది, లేదా రెండు సర్క్యూట్ల న్యూట్రల్ కలిసిపోయింది. ఒక్కో లైను విప్పి వెతకాలి. ఏసీ పెట్టుకునే గదికి బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే కొనేవాళ్లకు గోడలు కొట్టే పని తప్పుతుంది.

మూడోది బయటి రంగు. బయటి ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు 50–60 చదరపు అడుగులు వస్తుంది. గోడలు 1,500 చదరపు అడుగులైతే 25–30 లీటర్లు, దాని కింద ప్రైమరు. లేత రంగే వేయండి. ముదురు రంగు ఎండకు వెలిసిపోతుంది, గోడను వేడెక్కిస్తుంది కూడా. గేటు తుప్పు గీకి రెడాక్సైడ్ వేసి రంగు కొట్టించండి. కుళాయిలు, కీచుమనే తలుపు బందులు, ఊగిపోయే స్విచ్చులు మార్పించండి. ఇవన్నీ కలిపినా మీరనుకున్న కిచెన్‌లో మూడో వంతు ఖర్చు కాదు. మీ పాత కిచెన్‌కు గట్టు కింద అల్మరాల తలుపులు మార్చి, సింకు చుట్టూ పాత సిలికాన్ గీకి కొత్తది పెడితే చాలు.

డాబా మీద రేకులతో ఒక గది వేస్తే అద్దె చూపించొచ్చని కొందరు సలహా ఇస్తారు. కొనేవాళ్లు బ్యాంకు అప్పు తీసుకుంటే బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజినీరు మంజూరైన ప్లాను పట్టుకుని వస్తాడు. ప్లానులో లేనిదానికి విలువ రాయడు, సెట్‌బ్యాక్‌లోకి, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి, జరిగి కట్టి ఉంటే అప్పే ఆగొచ్చు. అనుమతి లేని గది ఆస్తి కాదు, అడ్డంకి. దానికి బదులు కాగితాలు సర్దండి: లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం), మంజూరు ప్లాను, ఇంటిపన్ను రసీదు. పన్నూ కరెంటు బిల్లూ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ఇప్పుడే మార్పించండి. బేరం కుదిరాక ఆ పని మొదలుపెడితే కొనేవాళ్లు జారిపోతారు.

వాస్తు గురించి కూడా అడిగారు. మీకు నమ్మకం లేకపోయినా కొనేవాళ్లకు ఉండొచ్చు. దానికోసం గోడలు పడగొట్టకండి. ఈశాన్యం మూల పాత సామాను ఉంటే తీయించి శుభ్రంగా ఉంచండి, దానికి ఖర్చు లేదు.

బాత్‌రూమ్ ఎంత కడిగినా వాసన పోవడం లేదు. అమ్మకు 74 ఏళ్లు, జారి పడుతుందేమోనని భయం. మొత్తం టైల్స్ మార్పించాలా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

అక్కర్లేదండీ. వాసనకు మూలం నాని ట్రాప్, అంటే నేల మీద నీళ్లు పోయే జాలీ కింద ఉండే గిన్నె లాంటి అమరిక. దానిలో రెండు అంగుళాల మేర నీళ్లు నిలిస్తేనే డ్రైనేజీ గాలి పైకి రాదు. జాలీ తీసి చూడండి, లోపలి గిన్నె లేకుండా ఉంటే కొత్తది పెట్టించండి, చిన్న ఖర్చే. యాసిడ్‌తో కడగడం మాత్రం ఈరోజే మానేయండి. ఉప్పునీటి మరకలతో పాటు టైల్స్ సందుల్లోని సిమెంటునూ యాసిడ్ తినేస్తుంది, ఆ సందుల్లోంచే నీళ్లు శ్లాబులోకి దిగుతాయి. తెల్ల మరకలకు వెనిగర్ గుడ్డ పదిహేను నిమిషాలు పరచి రుద్దండి, వెంటనే నీళ్లతో కడిగేయండి. ఖాళీ అయిన సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే టైల్స్ మార్చిన పని సగం అయినట్టే.

జారుడుకు కమోడ్ పక్కన ఒకటి, స్నానం దగ్గర ఒకటి స్టీలు పట్టుకడ్డీలు, నేల నుంచి రెండున్నర, రెండుముప్పావు అడుగుల ఎత్తులో పెట్టించండి. గట్టి ఇటుక గోడకు యాంకర్ బోల్టులతో బిగించాలి. టవల్ రాడ్డు పట్టుకుని లేచే అలవాటు ఉంటే మాన్పించండి, దాని స్క్రూలు మనిషి బరువు మోయవు.

ఇంటి ముందూ పక్కనా మట్టి నేల. వానకు బురద. మొత్తం సిమెంటు చేయిద్దామా, టైల్స్ వేద్దామా? ఇంకుడు గుంత ఎంత తవ్వాలి? ఏ చెట్లు పెట్టుకోవచ్చు? – ఒక పాఠకుడు, హనుమకొండ

మొత్తం సిమెంటు చేయించకండి. బోరు మీద బతికే ఇంట్లో వాన నీళ్లు వీధి కాలవలోకి పంపడం అర్థం లేని పని. లెక్క చూడండి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆవిరీ చిందులూ పోను, 3,700 లీటర్లు చేతికొస్తాయి.

గుంత తవ్వేముందు నేల ఇంకుతుందో లేదో చూడండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి ఇంకిపోనిచ్చి, మళ్లీ నింపి గంట ఆగండి. అంగుళం కూడా దిగకపోతే ఆ చోట గుంత తొట్టిలా మిగిలిపోతుంది. చెలక, మొరం నేలలు బాగా తాగుతాయి. నల్లరేగడి తాగదు సరికదా, తడిస్తే ఉబ్బి పునాదిని కదుపుతుంది. అలాంటి చోట ఇంటి పక్కన గుంత వద్దు, డాబా నీళ్లు వడగట్టి సంపులోకి మళ్లించుకోండి.

నేల అనుకూలిస్తే నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. పునాదికి పదడుగుల దూరం ఉంటే నిశ్చింత. అంత జాగా లేకపోతే మొరం నేలల్లో అయిదారడుగులతో సరిపెట్టుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా, గేటు పక్క మూల చూసుకోండి. అడుగున మూడడుగులు 40 మి.మీ. కంకర అంటే 48 ఘనపుటడుగులు, ఆపైన అడుగున్నర 20 మి.మీ. కంకర 24 ఘనపుటడుగులు, దాని మీద నైలాన్ జాలీ, జాలీపై అర అడుగు దొడ్డు ఇసుక 8 ఘనపుటడుగులు. పై అడుగు ఖాళీ. జాలీ మరిచిపోతే మొదటి వానకే ఇసుక కంకరలోకి దిగి గుంత పూడుకుపోతుంది. కంకర నింపాక ఒకేసారి పట్టేది వెయ్యి లీటర్ల పైచిలుకే, కాబట్టి పొంగే నీటికి వీధి వైపు పైపు పెట్టాలి. ఏటా మే నెలలో పైన రెండు అంగుళాల ఇసుక తీసి కడిగి వేయండి. బట్టలుతికిన నీళ్లు అందులోకి పంపకండి.

నేల మీద కారు నిలిపే చోట 60 మి.మీ. మందం ఇంటర్‌లాక్ టైల్స్ చాలు. 200 చదరపు అడుగులకు నాలుగు అంగుళాల కంకర, క్రషర్ డస్ట్ పొర 67 ఘనపుటడుగులు, ఆ పైన అంగుళంన్నర ఇసుక 25 ఘనపుటడుగులు. కింది పొర నీళ్లు చల్లి రోలరుతోనో, ప్లేట్ కంపాక్టరుతోనో దట్టించాలి. కూలీ తగ్గుతుందని ఈ దట్టించడం వదిలేస్తే ఏడాదిలో చక్రాల దారి పల్లమవుతుంది. అంచుల్లో కాంక్రీటు గట్టు కట్టకపోతే టైల్స్ పక్కకు జరిగి విచ్చుకుంటాయి. నడకదారికి గరుకు షాబాద్ బండలు, నడుమ రెండు అంగుళాల సందు వదిలి గడ్డి పెంచండి. నునుపు బండలు బయట వద్దు, వానలో జారతాయి.

చెట్లలో కరివేపాకు, నిమ్మ, జామ, మునగ ఇంటికి ఆరేడు అడుగుల్లో పెట్టుకోవచ్చు. మునగ కొమ్మ పెళుసు, కారు మీదికి రాకుండా కొట్టిస్తుండాలి. వేపకు 15–20 అడుగులు కావాలి. రావి, మర్రి మొలకలు పిట్టగోడలో కనిపిస్తే వేరుతో సహా తీయండి. పచ్చగా త్వరగా పెరుగుతుందని నర్సరీలో కోనోకార్పస్ ఇస్తే తీసుకోకండి. దాని వేళ్లు డ్రైనేజీ పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

సోలార్ పెట్టిస్తే ఇంటి విలువ పెరుగుతుందా? డాబాకు నష్టమేమైనా ఉందా? – ఒక పాఠకుడు, గుంటూరు

నెలకు 300 యూనిట్లు దాటి వాడే ఇంటికి పెట్టుకోదగ్గదే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78 వేల రూపాయలు కేంద్ర సబ్సిడీ వస్తుంది. పథకం పోర్టల్లో నమోదైన సంస్థతో చేయించి నెట్ మీటరు (వాడిన కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కించేది) పెట్టాకే అది ఖాతాలో పడుతుంది. మూడు కిలోవాట్లకు 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తాయి. ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది.

వాటర్‌ప్రూఫింగ్ ముందు చేయించండి. స్టాండు బిగించాక దాని కింద పూత వేయడం కుదరదు. కాళ్లను శ్లాబులోకి నేరుగా డ్రిల్ చేయనివ్వకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమనండి. మీది తుపాను గాలి తగిలే జిల్లా, గంటకు 150 కిలోమీటర్ల గాలికి ఆగే డిజైను అని కాగితం మీద రాయించుకోండి. ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండైతే కింద బట్టలారేసుకోవచ్చు, శ్లాబుకు నీడా దొరుకుతుంది. కొనేవాళ్లకు ఏడాది కరెంటు బిల్లులు చూపిస్తే మీరు వేరే చెప్పనక్కర్లేదు.

మేం డాలస్‌లో ఉంటాం. రాజమహేంద్రవరంలో ఇల్లు తాళం వేసి ఉంది, రెండేళ్లకోసారి వస్తాం. వచ్చినప్పుడల్లా చెదలు, వాసన. ఏం ఏర్పాటు చేయాలి? – ఒక పాఠకుడు

వాసనకు కారణం ట్రాపుల్లో నీళ్లు ఆవిరైపోవడం. నెలకోసారి ఎవరైనా వెళ్లి ప్రతి ట్రాపులో, కమోడ్‌లో రెండు మగ్గులు పోయాలి. ట్రాపుల్లో పైన చెంచాడు వంటనూనె వేస్తే ఆవిరి నెమ్మదిస్తుంది. బొద్దింకలూ అదే దారిన వస్తాయి కాబట్టి అవీ తగ్గుతాయి. సంపు నుంచి పైకెళ్లే వాల్వు కట్టేయించి, ఫ్రిజ్ తలుపు తీసి ఉంచండి. అల్మరాలను గోడకు రెండు అంగుళాలు జరిపించండి.

చెదలకు పైపైన మందు చల్లితే పుట్ట దారి మార్చుకుంటుంది, అంతే. గోడ, గచ్చు కలిసే మూల వెంట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. తూట్లు పొడిచి, ఒక్కోదానిలో లీటరు దాకా మందు నీళ్లు ఎక్కించి, తెల్ల సిమెంటుతో మూయాలి. మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. పనివాళ్లు మందు మీ మనిషి ఎదుటే కలపాలని షరతు పెట్టండి, డబ్బా సీలు ఫొటో తెప్పించుకోండి. పలచన చేసి మాయచేసేది అక్కడే. గుమ్మాల చెక్కకు విడిగా తూట్లు వేసి మందు పట్టించాలి. మీ తర్వాతి రాక దాకా ఆగకండి, పని వానాకాలానికి ముందే అయిపోవాలి.

కిటికీలకు దోమల జాలీ ఏది మంచిది? సముద్రం దగ్గర ఇల్లు. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

తక్కువలో ఫైబర్‌గ్లాస్ జాలీ, దానికి తుప్పు సమస్యే లేదు. స్టీలే కావాలంటే 304 రకం ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది, 316 అడగండి. జాలీని పట్టి ఉంచే వెల్క్రో పట్టీ సున్నపు గోడకు అతికిస్తే వారంలో ఊడుతుంది. కిటికీ చట్రాన్ని స్పిరిట్‌తో తుడిచి దానికే అతికించండి.